ఒకే ఒరలో రెండు కుక్కలు

మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. పెద్దది జూలీ, లాబ్రడార్, పదేళ్ళది. రెండోది మల్లి. దీనికి జాతీ గీతీ ఏమీ లేదు, మా అపార్ట్‌మెంటు సెల్లారులో వానకి తడుస్తూ దొరికిన ఊరకుక్క పిల్ల. ఇప్పుడు మూడేళ్ళది. రెండూ ఆడవే. ఆ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మొదటి ఏడాదిన్నరా ఏ గొడవా లేదు. మల్లి వెళ్ళి జూలీ తోక కొరికినా, చెవి లాగినా ఆ మహాతల్లి ఓపిగ్గా భరించేది. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను గానీ, జూలీ గుర్రుమనడం మొదలుపెట్టింది. తన చాప దగ్గరికి మల్లి వస్తే గుర్రు. తిండి గిన్నె దగ్గర గుర్రు. నేను ఆఫీసు నుంచి రాగానే మల్లి ఎగురుకుంటూ నా మీదకొస్తే పక్కన బిగుసుకుని నిలబడి గుర్రు. (అన్నట్టు, మన భాషలో గుర్రు పెట్టడమంటే నిద్రలో గురక కూడా. జూలీ ఆ పనీ బ్రహ్మాండంగా చేస్తుంది.)

ఎవరో చెబితే ఒక ట్రైనర్ని పిలిచాను. ఆయన వచ్చి, సోఫాలో కూర్చుని, అయిదు నిమిషాలు రెండింటినీ చూసి తేల్చేశాడు. "ఇంట్లో బాస్ ఎవరో వీటికి తెలియట్లేదు సార్. కుక్కంటే తోడేలే. తోడేళ్ళ గుంపులో ఒక ఆల్ఫా ఉంటుంది, మిగతావన్నీ దాని కింద. మీ ఇంట్లో మీరే ఆల్ఫా అవ్వాలి. అది గుర్రుమన్నప్పుడల్లా మెడ పట్టుకుని వెల్లకిలా పడేసి, చూపు తిప్పుకునేదాకా వదలకండి."

చెప్పొద్దూ, నాకు తెగ నచ్చేసింది. ఒక సిద్ధాంతం, దానికో పద్ధతి, పద్ధతికో కొలమానం. సాఫ్ట్‌వేర్ వాడికి ఇంతకంటే ఏం కావాలి? పైగా ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దవాళ్ళూ అన్నారాయె. సైన్సూ, సామెతా ఒకే మాట చెబుతుంటే ఇక అనుమానమెందుకు? మూడు వారాలు చెప్పింది చెప్పినట్టు చేశాను. మూడు వారాల్లో జూలీ గుర్రుమనడం పూర్తిగా మానేసింది. నేను టికెట్ క్లోజ్ చేసేశాను. ఆఫీసులో లంచ్ దగ్గర ఇద్దరు ముగ్గురికి ఈ పద్ధతి చెప్పి గొప్పలు కూడా పోయాను.

ఆ తర్వాత ఒక ఆదివారం సాయంత్రం అమ్మ హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒక కాయ దొర్లుకుంటూ వెళ్ళి జూలీ చాప పక్కన పడింది. మల్లి దాని వెనకాలే వెళ్ళింది. అంతే. జూలీ చప్పుడు లేకుండా లేచి మల్లి చెవి పట్టుకుంది. అమ్మ కంగారులో మధ్యలో చెయ్యి పెట్టింది. బొటనవేలి కింద రెండు లోతైన గాట్లు పడ్డాయి.

కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. జూలీకి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నామని చెప్పినా డాక్టరుగారు వినలేదు, అమ్మకి మొత్తం కోర్సు రాశారు. వినకపోవడమే మంచిదయింది లెండి. తిరిగొచ్చేటప్పుడు కార్లో అమ్మ అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "అది గుర్రుమననైనా లేదురా. ఇదివరకు గుర్రుమనేది, మల్లి పక్కకి పోయేది, నేనూ చూసుకునేదాన్ని. ఇప్పుడేమయిందో దానికి!"

దానికేమయిందో నాకు తెలుసు. నేనే చేశాను. ప్రోగ్రామర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎక్సెప్షన్ వస్తోందని విసుగొచ్చి ఖాళీ క్యాచ్ బ్లాక్ రాశాను. లాగ్ శుభ్రంగా ఉందని మురిసిపోయాను. తప్పు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి మా ఆవిడ మల్లిని ఎవరికైనా ఇచ్చేద్దామంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ చేత్తో అనమని అడిగే మొహమూ నాకు లేదు. వారం గడువు పెట్టుకున్నాం. మర్నాడు జూలీని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీయించింది. వెనక కాళ్ళ తుంటి కీళ్ళు రెండూ బాగా అరిగిపోయాయి. "చాన్నాళ్ళ నుంచీ నొప్పి ఉండుంటుంది. చిన్నది వచ్చి తగులుతుందేమోనని భయం. అందుకే దగ్గరికి రావద్దని చెబుతోంది," అంది. నేను ట్రైనర్ పద్ధతి గురించి చెప్పాను. ఆవిడ ఒక్క ప్రశ్నే వేసింది. "ఈ కాళ్ళతో ఉన్నదాన్ని వెల్లకిలా పడేశారా?"

ఇంటికొచ్చాక రెండు మూడు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. నాకు అలవాటైన పని ఒకటే. ప్రొడక్షన్లో ఏదైనా కూలిపోతే, ఆ లైను ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అని వెనక్కి తవ్వుకుంటూ పోవడం. గిట్ బ్లేమ్ అంటాం కదా, అది. ఈ ఆల్ఫా అన్న లైను మా హాల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తవ్వడం మొదలుపెట్టాను. తవ్విన కొద్దీ ఆశ్చర్యం వేసింది.

మొదటి కమిట్ కుక్కల మీద కాదు, తోడేళ్ళ మీదా కాదు. కోళ్ళ మీద! నార్వే దేశస్థుడు టోర్లీఫ్ షెల్డరప్ ఎబ్బె కోళ్ళ గూట్లో ఏ కోడి దేన్ని పొడుస్తుందో ఏళ్ళ తరబడి గమనించి రాసుకున్నాడు. పైనున్న కోడి అందర్నీ పొడుస్తుంది, దాన్నెవరూ పొడవరు. అట్టడుగు కోడిని అందరూ పొడుస్తారు. 1921, 22 ప్రాంతాల్లో ఇది అచ్చయింది. ఇంగ్లీషులో పెకింగ్ ఆర్డర్ అని ఈరోజు మన ఆఫీసుల్లో కూడా వాడే మాట పుట్టింది అక్కడే. మంచి పనే చేశాడు. కోళ్ళ విషయంలో ఆయన చెప్పింది చాలావరకు నిలబడింది కూడా.

అసలు కథ స్విట్జర్లండులో మొదలవుతుంది. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బాసెల్ నగరపు జంతుప్రదర్శనశాలలో తోడేళ్ళని పరిశీలించి 1947లో ఒక పెద్ద వ్యాసం వేశాడు. తోడేళ్ళ ముఖకవళికలు, తోక పెట్టే తీరు, నిలబడే భంగిమ అన్నీ బొమ్మలతో సహా వివరించాడు. ఆ గుంపులో ఒక మగా ఒక ఆడా పైకెక్కి కూర్చుంటాయనీ, స్థానం కోసం ఎడతెగని పోరు ఉంటుందనీ రాశాడు. ఆల్ఫా తోడేలు అన్న ఊహకి ఊపిరి పోసిన వ్యాసం ఇదే.

ఇప్పుడు ఒక్క వివరం చూడండి. ఆ తోడేళ్ళు ఉన్న జాగా పది మీటర్లు ఇంటూ ఇరవై మీటర్లు. అంటే రెండొందల చదరపు మీటర్లు. మన హైదరాబాద్ లెక్కలో సుమారు 240 గజాల ప్లాటు. అందులో ఒక్కోసారి పది దాకా తోడేళ్ళు! అడవిలో అయితే ఒక గుంపు తిరిగే నేల వందల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. పెద్దయిన పిల్లకి తల్లిదండ్రులతో పడకపోతే లేచి వెళ్ళిపోతుంది, వేరే తోడు వెతుక్కుంటుంది. 240 గజాల్లో ఎక్కడికి పోతుంది? గోడ దాకా పోతుంది, మళ్ళీ వెనక్కొస్తుంది, మళ్ళీ తన్నులు తింటుంది. షెంకెల్ చూసింది అబద్ధం కాదు. ఆ గోడల మధ్య అవి అలాగే ప్రవర్తించి ఉంటాయి. డేటా సరైనదే. దాన్నిబట్టి తోడేలు జాతి మొత్తం ఇంతే అనుకోవడంలో తేడా వచ్చింది. బెల్ కర్వ్ అప్రైజల్ నెలలో మా ఫ్లోర్‌ని చూసి మానవజాతి స్వభావం ఇదీ అని వ్యాసం రాస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే :)

ఇంకో తమాషా. సరైన జవాబు అప్పటికే అచ్చులో ఉంది. అడాల్ఫ్ మ్యూరీ అనే అమెరికన్ 1939 నుంచి 1941 దాకా అలాస్కాలోని మౌంట్ మెకిన్లీ నేషనల్ పార్కులో తోడేళ్ళ వెనక తిరిగాడు. 1944లో పుస్తకం వేశాడు. షెంకెల్ వ్యాసం కంటే మూడేళ్ళు ముందు! మ్యూరీ చూసింది ఒక కుటుంబాన్ని. తల్లీ తండ్రీ, పిల్లలు, పిల్లల్ని కాచే పెద్ద తోడేళ్ళు. వాటిలో తనకి కొట్టొచ్చినట్టు కనిపించింది స్నేహభావమని ఆయన రాసుకున్నాడు. అయితే స్నేహం కన్నా పోరు జనానికి ఎక్కువ ఎక్కుతుంది కదా. మ్యూరీ వెనకపడిపోయాడు.

1970లో డేవిడ్ మెక్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 'ద వుల్ఫ్' అని పెద్ద పుస్తకం రాశాడు. అప్పటిదాకా తోడేళ్ళ గురించి తెలిసినదంతా ఒకచోట చేర్చిన గ్రంథం. బాగా అమ్ముడుపోయింది. అందులో షెంకెల్ ఆల్ఫా కూడా ఉంది. అలా జర్మన్లో ఉన్న ఒక పరిశోధనా వ్యాసం నుంచి ఆ మాట ఇంగ్లీషు చదివే ప్రతి ఇంటికీ చేరింది.

ఇక్కడ నేనొక తప్పు చేయబోయాను, మీరూ చేయొచ్చు. కుక్కల ట్రైనర్లు ఈ పుస్తకాలు చదివి చెడిపోయారని రాసేయబోయాను. తారీఖులు చూస్తే అలా లేదు. జర్మనీలో కాన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లోనే కుక్కల శిక్షణ మీద పుస్తకం రాశాడు. అప్పటికి కోళ్ళ వ్యాసమూ లేదు, బాసెల్ వ్యాసమూ లేదు. మనిషి యజమాని స్థానం తీసుకోవాలి, లొంగని కుక్కని బలంతో లొంగదీయాలి అన్న ధోరణి అందులో నిండుగా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక కుక్కలకి ఆ రకం శిక్షణే నడిచింది. అమెరికాలో 1962లో వచ్చిన విలియం కోలర్ పుస్తకమూ ఆ తానులో ముక్కే. అంటే కర్ర ముందొచ్చింది, సిద్ధాంతం తర్వాతొచ్చింది. అప్పటికే కొడుతున్న చేతికి తోడేలు ఒక సాకుగా దొరికింది.

ఆ రెండూ కలిసిన పుస్తకం 1978లో వచ్చింది. రాసిందెవరనుకున్నారు? సన్యాసులు! న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ స్కీట్ అనే క్రైస్తవ మఠంలో ఉంటూ జర్మన్ షెపర్డ్ కుక్కల్ని పెంచి, శిక్షణ ఇచ్చి మఠం నడుపుకునేవాళ్ళు. వాళ్ళ పుస్తకం నిజానికి కుక్క మీద ప్రేమతో రాసిందే. అందులోనే కుక్కని వెల్లకిలా పడేసి అదిమి పట్టుకునే 'ఆల్ఫా రోల్' ఉంది. ఆల్ఫా తోడేలు తన కిందివాటిని ఇలాగే పడేస్తుందని వాళ్ళు నమ్మారు. 2002లో కొత్త కూర్పు వేసినప్పుడు ఆ సలహాని వెనక్కి తీసుకున్నారు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు గడిచిపోయాయి.

షెంకెల్ మాత్రం అంతకు చాలా ముందే, 1967లో, లొంగుబాటు మీద మరో వ్యాసం రాశాడు. కింది తోడేలు పై తోడేలుతో పొత్తు కోసం తనంతట తాను చేసే ప్రయత్నమే లొంగుబాటు అని అందులో చెప్పాడు. వెల్లకిలా పడుకునేది ఆ తోడేలే. ఎవరూ మెడ పట్టి పడేయరు. మన ఊళ్ళో ఎవరైనా పెద్దాయనకి కాళ్ళకి దణ్ణం పెట్టడానికీ, పెద్దాయనే వాడి మెడ వంచి నేలకేసి కొట్టడానికీ ఉన్నంత తేడా ఉంది దీనికీ దానికీ. ఆల్ఫాకి ఆద్యుడనిపించుకున్నాయనే ఇది సరిచేసినా, ట్రైనర్ల దాకా ఆ రెండో వ్యాసం చేరనే లేదు.

ఇక మెక్ గారి సంగతి. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఈయనే. 1986 నుంచి కెనడా ఉత్తరాన, ధ్రువానికి దగ్గర్లో ఉన్న ఎల్స్‌మియర్ దీవికి ప్రతి వేసవీ వెళ్ళేవాడు. అక్కడి తోడేళ్ళకి మనుషులంటే పెద్దగా భయం లేదు, కాబట్టి దగ్గర్నుంచి చూడొచ్చు. పదమూడు వేసవులు చూసింది కలిపి 1999లో ఒక వ్యాసం వేశాడు. మామూలుగా తోడేళ్ళ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ. అందులో నాయకత్వం కోసం జరిగే యుద్ధాలేమీ ఆయనకి కనపడలేదు. పిల్లలు తల్లిదండ్రుల మాట వింటాయి, ఎందుకంటే అవి తల్లిదండ్రులు కాబట్టి. వాటిని ఆల్ఫా అనడమంటే మనింట్లో నాన్నని ఆల్ఫా అన్నట్టే.

ఆయన అక్కడితో ఆగలేదు. తన 1970 పుస్తకంలో తప్పుందని తనే బహిరంగంగా చెప్పుకున్నాడు, ఇక ముద్రించొద్దని ప్రచురణకర్తల్ని ఏళ్ళ తరబడి అడిగాడు. చివరికి 2022లో ఆపారు. రాసిన 52 ఏళ్ళకి! డిప్రికేట్ చేసిన లైబ్రరీని జనం చేత మాన్పించడం ఎంత కష్టమో మనకి తెలుసు. అమ్ముడుపోతున్న తన సొంత పుస్తకాన్ని మార్కెట్లోంచి తీసేయమని వెంటబడిన రచయితని నేను ఇంకొకర్ని వినలేదు.

ఈలోగా టీవీ వచ్చింది. నేషనల్ జియోగ్రాఫిక్ చానెల్లో 2004 నుంచి 2012 దాకా నడిచిన 'డాగ్ విస్పరర్' కార్యక్రమం, అందులో సీజర్ మిలన్ చెప్పిన పాక్ లీడర్ సూత్రం దేశదేశాలకీ పాకాయి. నిపుణుల్ని అడగకుండా ఇంట్లో ఇవి చేయొద్దని తెర మీద హెచ్చరిక వేసేవారు. హెచ్చరిక ఎవరు చదువుతారు, మనం లైసెన్స్ అగ్రిమెంట్ చదివినట్టే. 2008లో అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం ఆధిపత్య సిద్ధాంతంతో కుక్కల్ని సరిచేసే పద్ధతుల మీద ఆందోళన చెబుతూ ప్రకటన చేసింది. 2009లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పశువైద్యశాలకి వచ్చిన 140 మంది యజమానుల్ని మీరేం చేశారు, కుక్క ఏం చేసింది అని అడిగి మెగన్ హెరన్ బృందం లెక్క కట్టింది. కొట్టినా తన్నినా 43 శాతం కుక్కలు ఎదురుతిరిగాయి. యజమానే కుక్క మీద గుర్రుమంటే 41 శాతం. ఆల్ఫా రోల్ చేస్తే 31 శాతం. మా జూలీ మిగతా 69 శాతంలోది. నా మీద ఎన్నడూ తిరగబడలేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇంకా బాధగా ఉంటుంది.

అలాగని కుక్కల మధ్య పెద్దా చిన్నా తేడా అసలు లేదనడం మరో మూఢనమ్మకం. రోమ్ నగరం శివార్లలో తిరిగే ఊరకుక్కల గుంపుని గమనించి కఫాజో బృందం 2010లో రాసిన వ్యాసంలో, వాటి మధ్య వరుస ఉన్నట్టే తేలింది. అందులో వయసుకి పెద్ద పాత్ర ఉంది. ముసలివాటికి పిల్లవి ఒదిగి ఉంటాయి. అది రెండు కుక్కల మధ్య సంబంధం, ఒక కుక్క పుట్టుగుణం కాదు. అందులో మనిషి దూరి సింహాసనం ఎక్కాల్సిన పని లేదు. పైగా కుక్క తోడేలు కాదు. ఆ రెండు దారులూ విడిపోయి కనీసం పదిహేను వేల ఏళ్ళయింది.

సరే, సిద్ధాంతం సంగతి తేలింది. మరి గుర్రు సంగతి? నన్ను అసలు పట్టుకున్నది ఇదే. ఆ మూడు వారాలూ నేను నోరు నొక్కింది దాన్నే కదా.

1872లో డార్విన్ జంతువుల, మనుషుల భావప్రకటన మీద పుస్తకం రాస్తే, అందులో కుక్క బొమ్మలు ఉన్నాయి. కొత్త కుక్క మీదికి కోపంగా వెళ్ళే కుక్క ఎలా ఉంటుంది? కాళ్ళు బిగుసుకుని, తోక నిటారుగా, మెడ మీద వెంట్రుకలు లేచి ఉంటుంది. అదే కుక్క యజమానిని గుర్తుపట్టగానే ఒళ్ళంతా మెత్తబడి మెలికలు తిరుగుతుంది. నూటయాభై ఏళ్ళ కిందటే కుక్క ఒళ్ళంతా ఒక భాష అని ఆయన బొమ్మ వేసి చూపించాడు. మనం తోక ఊపడం ఒక్కటే నేర్చుకున్నాం.

బ్రిటన్‌కి చెందిన పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ దీన్ని నిచ్చెనలాగా గీసింది. కింది మెట్టులో ఆవులింత, ముక్కు నాక్కోవడం. ఆ పైన మొహం తిప్పుకోవడం, ఒళ్ళు తిప్పుకోవడం, లేచి పక్కకి పోవడం. ఆ పైన చెవులు వెనక్కి పెట్టి నక్కడం, తోక ముడవడం. ఆ తర్వాత బిగుసుకుపోయి కన్నార్పకుండా చూడటం, దాని పైన గుర్రు, ఆ పైన గాల్లో కొరకడం, అన్నిటికన్నా పైన కాటు. గుర్రు దగ్గరికి వచ్చేసరికే కుక్క చాలా మెట్లు ఎక్కింది, కింది మెట్ల దగ్గర మనం పట్టించుకోలేదన్నమాట. జూలీ మొహం తిప్పుకోవడం నేను వందసార్లు చూసుంటాను. ముసలిదయిపోయింది, విసుగు అనుకున్నాను.

2010లో బుడాపెస్ట్‌లోని యోట్వోష్ లోరాండ్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ప్రయోగం ఇంకా బాగుంటుంది. కుక్క గుర్రుని మూడు సందర్భాల్లో రికార్డు చేశారు. బొమ్మ కోసం ఆటలో లాక్కునేటప్పుడు, కొత్త మనిషి మీదికి వస్తున్నప్పుడు, ఎముక దగ్గర కాపలా ఉన్నప్పుడు. తర్వాత ఒక గదిలో ఎముక పెట్టి, వేరే కుక్కని వదిలి, అది ఎముక దగ్గరికి రాగానే దాచిపెట్టిన స్పీకర్లోంచి ఈ గుర్రులు వినిపించారు. ఎముక కాపలా గుర్రు వినగానే కుక్కలు వెనక్కి తగ్గాయి. కొత్త మనిషి మీది గుర్రుకి అంతగా తగ్గలేదు. రెండూ మన చెవికి కోపపు గుర్రులే. కుక్క చెవికి మాత్రం ఒకటి "ఇది నాది, రాకు" అని స్పష్టంగా వినపడింది. అదే యూనివర్సిటీ వాళ్ళు 2017లో మనుషులకి ఆ గుర్రులు వినిపిస్తే, ఆట గుర్రుని బాగానే పోల్చుకున్నారు, మిగతా రెంటి దగ్గర తడబడ్డారు. ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే బాగా చెప్పారట. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ నావైపు ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొరిగే కుక్క కరవదు అంటాం. ఎందుకు కరవదు? మొరిగితే ఎదుటివాడు ఆగుతాడు, కరవాల్సిన పని పడదు. మా ఇంట్లో ఏడాదిగా జరుగుతున్నది అదే. జూలీ చెప్పేది, మల్లి వినేది, ఇద్దరూ క్షేమంగా ఉండేవాళ్ళు. గొడవ ఉందని నాకు అనిపించింది గానీ, ఆ గుర్రు గొడవ పడకుండా ఉండటానికి అవి చేసుకున్న ఏర్పాటు. దాన్ని నేను పీకేశాను.

వారం గడువు పూర్తయ్యేసరికి మల్లిని పంపకూడదని అమ్మే తేల్చింది. "దానిదేం తప్పు, దీనిదేం తప్పు" అంది. ఎవరి తప్పో చెప్పకుండా వదిలేసింది, అదీ ఆవిడ మర్యాద.

డాక్టరమ్మ చెప్పినట్టు ముందు నొప్పికి మందు మొదలుపెట్టాం. అదొక్కటే సగం పని చేసిందని నా నమ్మకం. జూలీ చాప హాల్లోంచి తీసి, లోపలి గదిలో మూలకి వేశాం. చిన్నపిల్లలు మెట్లెక్కకుండా పెట్టే గేటు ఒకటి కొని ఆ గుమ్మానికి బిగించాం. తిండి వేరు వేరు గదుల్లో, తలుపు వేసి. తిన్నాక గిన్నెలు తీసేయడం. మేం ఇంట్లో లేనప్పుడు రెండూ విడివిడిగా. నేను ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలో ఎవర్నీ పలకరించను, చెప్పులు విప్పి, లోపలికొచ్చి, జూలీ దగ్గరికి వెళ్ళాకే. కొట్లాట వస్తే చెయ్యి పెట్టకూడదని అందరికీ చెప్పాం. మధ్యలో అట్టముక్కో, పీటో, దుప్పటో అడ్డం పెట్టాలి. దానికోసం హాల్లో ఒక పాత దుప్పటి ఇప్పటికీ మడిచి ఉంటుంది.

పేపర్లు చదివే పిచ్చిలో ఇంకోటి దొరికింది. అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ పశువైద్య కళాశాల వాళ్ళు, ఒకే ఇంట్లో ఉంటూ కొట్టుకునే 38 కుక్క జంటల కేసులు 2011లో అచ్చువేశారు. అందులో 30 జంటలు, అంటే 79 శాతం, రెండూ మగవో రెండూ ఆడవో. పది జంటల్లో ఏడింట గొడవ మొదలుపెట్టేది వయసులో చిన్నది, తర్వాత వచ్చింది. అక్కడ పనిచేసిన ఉపాయాలు రెండు. ఏది కావాలన్నా ముందు కూర్చుని అడగాలన్న క్రమశిక్షణ రెంటికీ పెట్టడం 89 శాతం జంటల్లో పనిచేసింది. ఒకదానికి అన్నీ ముందు ఇవ్వడం 67 శాతం. అంటే పాత ట్రైనర్లు చెప్పిన ముందు పెద్దదానికి పెట్టు అన్న ముక్కలో కొంత ఉపయోగం ఉంది, కాదనను. అయితే అది సింహాసనం వల్ల కాదు, ఏది ఎప్పుడు ఎవరికి వస్తుందో రెంటికీ ముందే తెలియడం వల్ల అని నేననుకుంటున్నాను. మేం రెండూ కలిపి వాడాం. మల్లి ఇప్పుడు గిన్నె చూపిస్తే బాసింపట్టు వేసుకుని కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంటుంది.

అన్నీ చేశాం గానీ ఒకటి మాత్రం మిగిలిపోయింది. జూలీ గుర్రుమనడం లేదు. మల్లి దగ్గరికొస్తే బిగుసుకుపోయి నావైపు చూసేది. మల్లి వైపు కాదు, నావైపు. నా చెయ్యి ఎక్కడుందా అని. ఆ చూపు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అది బిగుసుకోగానే మల్లిని పేరు పెట్టి అవతలికి పిలిచి ఏదో ఒకటి పెట్టడం, జూలీ జోలికి పోకపోవడం, ఇదే పని. ఎవరూ మెడ పట్టుకోరని దానికి ఎలా చెప్పాలి? మాటలతో చెప్పలేం కదా.

మొన్న సంక్రాంతికి ముందు ఒక రాత్రి, గేటు వేయడం మర్చిపోయాం. అన్నం తింటున్నాం. మల్లి తోకూపుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళింది. నేను లేవబోయాను. లోపల్నుంచి వినపడింది. సన్నగా, గొంతులోంచి, చాలా కాలం వాడని మోటారు తిరిగినట్టు, గుర్ర్ర్.

మల్లి వెనక్కి తిరిగి హాల్లోకొచ్చి బల్ల కింద పడుకుంది. నేను కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను. అమ్మ పెరుగు గిన్నె నావైపు జరుపుతూ, "హమ్మయ్య, దానికి మాటొచ్చింది" అంది.